అరవై అంగుళాల బతుకు

నాకు రెండు ముఖాలు. ఒకవైపు 60 అంగుళాలు, ఇంకోవైపు 150 సెంటీమీటర్లు. జాకెట్లు కుట్టేవాళ్లు మొదటి ముఖం చూస్తారు, ఆశా అక్క రెండోది. వెంకటగిరికోట బజారులో దారాలు, గుండీలు, చీర ఫాల్సు అమ్మే అంగట్లో చుట్ట చుట్టుకుని పడుకున్న నన్ను ఆమె తన డబ్బుతో కొనుక్కుంది. అంతకుముందు ఆమె సంచిలో ఉన్న టేపు మొదట్లోనే చిరిగి ఐదు సెంటీమీటర్లు పోగొట్టుకుందట. దాంతో కొలిస్తే ఊళ్లో ప్రతి ఆడమనిషి నడుమూ ఐదు సెంటీమీటర్లు లావయ్యేది. "తప్పుడు టేపు పెట్టుకోని ఎవుర్ని బెదిరించేది?" అనుకుంటూ నన్ను సంచిలో వేసుకుంది. అట్లా దర్జీ మిషను పక్కన గడవాల్సిన నా బతుకు పల్లెల దోవ పట్టింది.

సంచిలో నాకు తోడు జ్వరం మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, మూలలు మడతపడిన రిజిస్టరు. అన్నిటికన్నా పెద్దమనిషి ఫారం. సీబ్యాక్ అంటారు దాన్ని. 30 ఏళ్లు దాటిన ఎవరింటికి వెళ్లినా అది అడిగేవి అవే ప్రశ్నలు. పొగాకు వాడతారా? మందు తాగతారా? వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు కదిలిస్తారా? ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా? నడుము దగ్గరికొచ్చేసరికి నన్ను పిలుస్తారు. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల దాకా మార్కు సున్నా, 81 నుంచి 90 దాకా ఒకటి, ఆపైన రెండు. మగవాళ్లకు ఆ గీతలు 90 దగ్గర, 100 దగ్గర. అన్నీ కూడితే 4 దాటినవాళ్లను ముందుగా పరీక్షలకు పంపాలి. రెడ్డిగారి నడుమైనా, కూలికి పోయే ఆమె నడుమైనా నాకు గీత ఒకటే. కొలతకు ఉన్న మర్యాద అదే.

60 దాటినవాళ్లను ఫారం ఇంకొన్ని అడుగుతుంది. నిలబడితే, నడిస్తే తూలుతున్నట్టు ఉందా? తినడానికి, బట్ట కట్టుకోవడానికి, నీళ్లు పోసుకోవడానికి, దొడ్డికి పోవడానికి ఇంకొకరి సాయం కావాలా? అయినవాళ్ల పేర్లు మరిచిపోతున్నారా? ఆ ప్రశ్నల్లో నాకు పని లేదు. ఆశా అక్క మెడలో వేలాడుతూ వింటుంటాను, అంతే.

కౌండిన్య అడవి అంచున ఉన్న ఒక పల్లెలో ఒక అవ్వ ఉంది. కొడుకు బెంగళూరులో పని. కోడలు కోడికూతకే చామంతి తోటలో పూలు కోయడానికి పోతుంది. అక్క ఫారం తీసి, "సాయం ఏమన్నా కావల్నా అవ్వా?" అంది.

"నాకేం మా, రాయి మాదిరి ఉండా" అంది అవ్వ.

అక్క 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది. నాకు మాత్రం ఆమె నడుము చుట్టూ తిరిగినప్పుడే అనుమానం. పోయినసారికీ ఈసారికీ నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. ఫారం లెక్కలో అది మంచి మార్కు. సున్నాకు సున్నా.

అవ్వ అబద్ధం ఆడిందని నేననను. అది పరువు. సాయం కావాలంటే కోడలి మీద నింద వేసినట్టవుతుంది. అదే ఊళ్లో పింఛను తనిఖీకి మనుషులొస్తారంటే పాట తిరగబడుతుంది. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచం పట్టినవాళ్లకు 15,000 రూపాయలు. తనిఖీ రోజు నడిచేవాళ్లు కూడా గోడ పట్టుకుంటారు. ఆశా అక్క ముందు లేని నొప్పి ఆ రోజు ఉంటుంది, ఆశా అక్క ముందు దాచిన నొప్పీ ఆ రోజే బయటపడుతుంది. ప్రశ్న ఒకటే అయినా, అడిగేవాళ్ల చేతిలో ఏముందో చూసి జవాబు మారుతుంది. నేనైతే ఎవరి చేతిలో ఉన్నా 80ని 80 అనే అంటాను. మనిషి నోరు టేపు కాదు.

ఒకరోజు పక్కింట్లో పక్షవాతంతో పడుకున్నాయన్ను చూడటానికి డాక్టరమ్మతోపాటు ఫిజియోథెరపీ చదివిన పిల్ల ఒకతె వచ్చింది. ఆ పిల్ల చేతిలో ఒకే ఒక్క కాగితం. బార్తెల్ సూచిక అంటారట. అమెరికాలోని మేరీలాండ్‌లో ఫ్లోరెన్స్ మహోనీ అనే డాక్టరు, డొరొథియా బార్తెల్ అనే ఫిజియోథెరపిస్టు కలిసి 1965లో అచ్చువేసిన లెక్క అది. తినడం, నీళ్లు పోసుకోవడం, బట్ట కట్టుకోవడం, మంచం దిగడం, దొడ్డికి పోవడం, నడవడం, మెట్లెక్కడం, ఇట్లా 10 పనులు. మార్కులు ఐదేసి చొప్పున పెరుగుతాయి, అన్నీ కలిపి 100. అదే దేశంలో 1987 చట్టం తరవాత నర్సింగ్ హోముల్లో అందరికీ ఒకే రకం పరీక్షా పత్రం పెట్టారనీ, దాని దారిలోనే ఇంటి దగ్గర సేవలు అందుకునేవాళ్లకూ ఒక పత్రం తయారై చాలా దేశాలు తిరుగుతోందనీ ఆ పిల్ల చెప్పింది. ఆస్పత్రి మారినా, నర్సు మారినా, ఈ మనిషి నిన్న ఎట్లా ఉన్నాడు, ఈరోజు ఎట్లా ఉన్నాడు అన్నది ఒకే మాటలో తెలియాలి కదా.

ఆ పిల్ల చేతిలోని బార్తెల్ కాగితానికి ఒక కట్టుబాటు ఉంది. మనిషి ఆ పని చేయగలడా అని అడగకూడదు, చేస్తున్నాడా అని చూడాలి.

ఆశా అక్క ఆ పిల్లను అవ్వ దగ్గరికీ తీసుకొచ్చింది. సాయం ఊసే ఎత్తకుండా ఆ పిల్ల, "ఎప్పుడు నీళ్లు పోసుకున్నావవ్వా?" అంది.

"శనివారం."

ఆ రోజు బుధవారం.

"రాత్రిపూట దొడ్డికి లేస్తావా?"

"పొద్దు కుంకినాక నీళ్లు తాగను మా. ఆ గడప దిగల్ల. దిగినా ఏనుగులొస్తాయని బయం."

అక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. నీళ్ల గది పెరట్లో ఉంది. వెనక గడప దాటితే ఒకేసారి లోతు. కోడలు ఇంట్లో ఉన్న రోజు చెయ్యి పట్టుకుని దించుతుంది, లేని రోజు అవ్వ ఎదురుచూస్తుంది. "అక్కా, ఆ టేపు ఇట్లియ్యి" అంది ఆ పిల్ల.

నా బతుకులో మొదటిసారి మనిషిని వదిలి గడపను కొలిచాను. గడప మీద నా సున్నా పెట్టి కిందికి జారవిడిస్తే నేల తగిలింది 38 దగ్గర. మోకాలికి దగ్గర దగ్గర. తరవాత అవ్వను చెప్పులతో నిలబెట్టి, చేతులు వదులుగా వేలాడనిచ్చి, మణికట్టు మడత నుంచి నేల దాకా నన్ను దించారు. చేతికర్ర పిడి ఎంత ఎత్తుండాలో చెప్పే కొలత అది. పట్టుకుని దిగడానికి గోడకు గొట్టం ఎక్కడ బిగించాలో కూడా దాన్నిబట్టే చూసుకున్నారు.

అవ్వకు ఆ రోజు 85 వచ్చింది. నీళ్లు పోసుకోవడంలో సున్నా, దొడ్డికి పోవడంలో సగం, మెట్ల దగ్గర సగం. వారం తిరక్కుండా ఊరి మేస్త్రి గడప కింద ఇటుకలతో సగం ఎత్తుకు ఒక మెట్టు కట్టి, గోడకు ఇనుప గొట్టం బిగించాడు. మళ్లీ లెక్కేస్తే 95. అవ్వ కాళ్లు అవే, వయసూ అదే. మనిషి ఖాతాలో రాసిన పది మార్కుల లోటు నిజానికి గడపది. ఇంటి దగ్గర కొలవడంలో ఉన్న గుట్టు అదే. ఆస్పత్రి బల్ల మీద కాలు ఎంత వంగుతుందో తెలుస్తుంది గానీ గడప ఎంత లోతో తెలియదు.

అట్లాగని 95 చూసి మురిసిపోయేది లేదు. నూటికి నూరు వచ్చినా మనిషి ఒంటరిగా బతకగలడని కాదని ఆ లెక్క కట్టినవాళ్లే రాసిపెట్టారు. సంగటి కెలకడం, బజారుకు పోవడం ఆ పదింట్లో లేవు. పూలతోట నుంచి తిరిగొచ్చే కోడలి వీపు నొప్పికి అందులో గడే లేదు.

ఇప్పుడు నాకు వయసైంది. గుడ్డ టేపులు లాగగా లాగగా సాగుతాయి. నేను 80 అన్నచోట నిజానికి 81 ఉంటుంది. అక్క ఒకరోజు నన్ను స్టీలు స్కేలు పక్కన పరిచి చూసి, ఏమీ అనకుండా కొత్త టేపు కొనుక్కుంది. నొచ్చుకోలేదు. కొలిచేవాళ్లను కూడా అప్పుడప్పుడు కొలవాలి.

సంచిలో మాత్రం నాకింకా చోటుంది. ఫారాల కట్ట చుట్టూ బిగించి నన్నే ముడేస్తుంది. మనుషుల నడుములు పోయి కాగితాల నడుము దక్కింది. మొన్న అవ్వ ఇంటి దగ్గర అక్క నా ముడి విప్పి ఫారం తీసింది. సాయం కావాలా అన్న ప్రశ్న మీద పెన్ను పెట్టి, దాన్ని చదవకుండా తలెత్తి అడిగింది: "నిన్న నీళ్లు ఎవురు పోసినారవ్వా?"

"ఎవురు పోస్తారు మా! నేనే పోసుకుంటి. రేత్రి చెంబుడు నీళ్లు తాగి పడుకుంటి కూడా."

అక్క టిక్కు పెట్టింది, 'లేదు' దగ్గరే. పోయినసారి పెట్టిన గడిలోనే.