పదకొండో పర్సు

శ్రావణ శుక్రవారం తాంబూలంలో జాకెట్టు ముక్క పెట్టడమంటే నాకు విసుగొచ్చేసింది. మా ఊరు జాముల్‌లో తెలుగిళ్లు ఎన్ని ఉన్నా జాకెట్టు ముక్కలు మాత్రం ఓ యాభై ఉంటాయేమో, అవే ఇల్లిల్లూ తిరుగుతుంటాయి. నేనిచ్చిన చిలకపచ్చ ముక్క, నా పసుపు వేలిముద్రతో సహా, నాలుగేళ్లకి నా ఒళ్లోకే వచ్చింది. అందుకని ఈసారి బీరువాలో పేరుకున్న ముక్కలన్నీ కోసి జిప్పు పర్సులు కుట్టి ఇస్తానన్నాను. పదకొండు.

ముప్పయ్యేళ్లుగా ఉషా మిషను తొక్కుతున్నదాన్ని, అరచెయ్యంత పర్సు ఎంతసేపు?

పవర్‌హౌస్ బజారుకెళ్లాను. ఇక్కడ జిప్పంటే కొట్టువాడు మన మొహంలోకి చూస్తాడు, చైన్ అనాలి. మీటర్ల లెక్కన పళ్ల పట్టీ, రన్నర్లు విడిగా. పట్టీ చివర చీల్చి రన్నర్ని చిటికెలో ఎక్కించి చూపించాడు. ఇంటికొచ్చాక నాకు అరగంట పట్టింది, అదీ ఓ పక్క పట్టీ ముందుకీ ఓ పక్కది వెనక్కీ ఎక్కి, మూతి వంకరయింది.

మొదటి పర్సు నాలుగువైపులా ముచ్చటగా కుట్టేశాను. తిరగేద్దామంటే దారేదీ? జిప్పు మూసుంది, రన్నరు లోపలుంది. జిప్పు సగం తెరిచి ఉంచి పక్కలు కుట్టాలన్న సంగతి కుట్లు విప్పుతుంటే తెలిసింది. రెండోదానికి సూది రన్నరు మీద పడి టప్పున విరిగింది. మూడోదాన్ని తెరిచేసరికి పళ్లు లైనింగుని కరిచిపట్టుకున్నాయి. లైనింగుని వెనక్కి లాగి జిప్పు పక్కనే పైకుట్టు వెయ్యాలట. మామూలు ఫుట్టు అంత దగ్గరికి పోదు, జిప్పు ఫుట్టు బిగించాలి. 1913లో అమెరికాలో సుండ్‌బ్యాక్ అనే ఇంజనీరు ఈ జిప్పుకి ఓ దారి చూపించాడట. ఆయన చేత ఒక్క పర్సుకి లైనింగు వేయించి ఉండాల్సింది.

పదో పర్సుకి చెయ్యి తిరిగింది. పట్టీ అయిపోయింది.

మళ్లీ బజారుకెళ్లే ఓపిక లేక మావారి పాత డ్యూటీ సంచీ జిప్పు ఊడదీశాను. ఇత్తడి పళ్లది. మా మామగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో చేరితే, మావారూ అందులోనే రిటైరయ్యారు. ఆ పళ్ల సందుల్లో ఎన్నేళ్ల సిమెంటు దుమ్ముందో! సబ్బునీళ్లతో తోమినా పోలేదు. తెరిస్తే కర్ర్‌మని వీధి అరుగు దాకా వినిపించేది. పైగా సగంలో పట్టేసేది. ఒక చేత్తో పర్సు బిగించి రెండో చేత్తో లాగాలి.

అలాంటిది పైవాళ్లకెలా ఇస్తాం? మా అమ్మాయి తాంబూలంలో పెట్టేశాను. కన్నకూతురు ఏమంటుంది! ఖుర్సీపార్‌లో అత్తవారిల్లు, పిల్లల బడిలో టీచరు. "నీ జీతం దాచుకోవే" అన్నాను. అల్లుడు పక్కనే ఉన్నాడు. ఓసారి లాగి చూసి, "మోటారు సైకిలు స్టార్టయినట్టుందండీ అత్తయ్యగారూ" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. ఇంత సరదాగా ఉండే అల్లుడు దొరకడం నీ పుణ్యం వదినా అని పేరంటాళ్లు మెచ్చుకుంటూ వెళ్లారు.

కార్తీకమాసంలో ఒకరింట్లో తాంబూలం తీసుకుని ఇంటికొచ్చి విప్పాను. నేను కుట్టిన పర్సే! లోపల ఓ జాకెట్టు ముక్క కూడా.

సంక్రాంతికి అమ్మాయి వచ్చింది. చేతిసంచీ సర్దుకుంటుంటే పదకొండో పర్సు కనబడింది. వాడి వాడి అంచులు నలిగి, రంగు వెలిసింది. మిగతా పదీ బంగారంలా కుట్టి ఊరికి పంచాను, ఒక్కటైనా ఎవరైనా వాడుతున్నారో లేదో. పిల్లకి మాత్రం పనికిరానిది అంటగట్టాను. సిగ్గేసింది.

వంటింట్లోంచి కొవ్వొత్తి ముక్క తెచ్చాను.

"ఇలా తే. రెండు నిమిషాలు దీంతో రుద్దానంటే ఎంత మొండి జిప్పయినా చప్పుడు లేకుండా జారుతుంది."

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. రాత్రి తలగడ కింద పెట్టుకుంటాను. ఆయన తెరిస్తే నాకు మెలకువొస్తుంది."