30 రోజులా? ఏ క్యాలెండర్‌లో?

జంషెడ్‌పూర్‌కు టైమంటే తెలీదని ఎవరనగలరు? చట్టం అడగకముందే, 1912లోనే, టాటా కర్మాగారంలో 8 గంటల పనిదినం పెట్టిన ఊరు. ఇక్కడ కార్మికుడు డ్యూటీకి ఆలస్యమైతే జీతంలో కోత. మరి సాక్చి కోర్టులో ప్రతివాది వకీలు ఆలస్యమైతే? ఇంకో తారీఖు!

మాన్గోలో ఓ బిల్డరు మీ పీఎఫ్ డబ్బు మింగాడనుకోండి. దావా వేశారు. సమన్లందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబు దాఖలు చేయాలి. కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 నుంచి ఇదే రూలు. అసాధారణ కారణముంటే తప్ప గడువు దాటనివ్వొద్దని 2005లో సుప్రీంకోర్టు అంది. ఇంకేం! అప్పట్నుంచి దేశంలో ప్రతి కారణమూ అసాధారణమే.

మొదటిసారి సమన్లే అందలేదట. రెండోసారి వకాల్తా ఇవాళే పడిందట. మూడోసారి దావా కాపీలో పేజీలు మసకట. నాలుగోసారి సీనియర్‌గారు రాంచీ హైకోర్టులో ఉన్నారట. ఐదోసారి నేరుగా మీ వకీలుకే ఫోను: "వకీల్ సాబ్, ఈ ఒక్కసారికి వదిలేయండి. వచ్చే తారీఖుకు పక్కా." మీ వకీలు వదిలేస్తాడు. వదలక? రేపు ఇంకో కేసులో టైమ్ పిటిషన్ పెట్టేది తనే కదా! వాళ్ల స్నేహం చల్లగా ఉండాలి. దాని ఖర్చు మీది.

మరి ఆ "పక్కా" మాట? ఎదుటి పక్షానికిచ్చిన న్యాయమైన మాటను, కాగితం మీద లేకపోయినా, నిలబెట్టుకోవడానికి వకీలు శాయశక్తులా పాటుపడాలట. నవ్వకండి. బార్ కౌన్సిల్ రూల్సులో నిజంగానే ఉంది.

పోనీ, ప్రతివాది సర్కారైతే? 2 నెలల ముందే నోటీసివ్వాలి. ఎందుకు? కోర్టుకెక్కకుండా తేల్చుకోవడానికట! తేల్చారా? చాలా నోటీసులకు జవాబే ఉండదు, ఉన్నా దాటవేతేనని 2005లో సుప్రీంకోర్టే అంది. చట్టాలు చేసేవారి మర్యాద ఇదీ!

వాణిజ్య దావాల్లో మాత్రం 120 రోజులు దాటాయా, జవాబిచ్చే హక్కే గల్లంతు. 2015 నాటి చట్టం. అంటే, గడువును గడువులా చూడటం మనకు చేతకాక కాదు. వ్యాపారి టైముకు విలువుంది, పింఛనుదారుడి టైము ఉచితం. అంతేగా?

వాయిదా ఇచ్చినప్పుడల్లా ఖర్చుల సంగతీ తేల్చాలని అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది. చిల్లర కాదు, జేబు చురుక్కుమనేలా ఒక్కసారి వడ్డించి చూడండి. సమన్లు ఠంచనుగా అందుతాయి. మసక పేజీలు తళతళలాడతాయి. సీనియర్‌గారు ఆ రాత్రికే రాంచీలో బండెక్కేస్తారు!