డీఎఫ్‌లో లేని డిస్కు లోకంలో లేదట

వాడకంలో లేని డిస్కును సర్వర్ నుంచి తీసివేయడం సిస్టం అడ్మినిస్ట్రేటర్ వృత్తిలోకెల్లా తేలిక పని అనే సిద్ధాంతానికి లినక్స్ లోకంలో అనుయాయులు దండిగా ఉన్నారు. ఈ సిద్ధాంతానికి ప్రమాణం డీఎఫ్ అనే ఆదేశం. మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టంలలో ఎంత నిండింది, ఎంత మిగిలింది అన్నది చూపడమే దాని పని. అందులో ఎస్‌డీసీ అనే పేరు కనబడలేదంటే ఆ డిస్కు ఖాళీ అనీ, ఖాళీ గనుక అది స్లాటు ఆక్రమించడం దండగ అనీ, దండగ గనుక సాయంత్రంలోగా పీకేయాలనీ ఈ మతం వారు ఒక్క ఊపులో తేల్చేస్తారు.

ఇంత చక్కని తర్కానికి అడ్డు తగిలేది ఎల్‌వీఎం, అంటే లాజికల్ వాల్యూమ్ మేనేజర్. హెచ్‌పీ-యూఎక్స్‌లోని ఏర్పాటును చూసి హైంజ్ మావెల్స్‌హాగెన్ 1998లో లినక్స్ కోసం రాసిన ఈ పొర, డిస్కులకు ఫిజికల్ వాల్యూమ్‌లుగా ముద్ర వేసి, వాటన్నిటినీ వాల్యూమ్ గ్రూప్ అనే ఒకే రాశిగా పోసి, అందులోంచి అడిగినంత మేర లాజికల్ వాల్యూమ్‌లను కొలిచి ఇస్తుంది. కొలపాత్ర పేరు ఎక్స్‌టెంట్. ఎవరూ మార్చకపోతే దాని పరిమాణం 4 ఎంబీ. ఒక లాజికల్ వాల్యూమ్‌కు చెందిన ఎక్స్‌టెంట్లు మూడు నాలుగు డిస్కుల మీద పరుచుకుని ఉండవచ్చు. డీఎఫ్‌కు మాత్రం ఆ లాజికల్ వాల్యూమ్ పేరే తెలుస్తుంది గాని కింద మోస్తున్న డిస్కుల పేర్లు తెలియవు. కనుక ఈ సిద్ధాంతాన్ని నిజాయితీగా పాటిస్తే ఎల్‌వీఎంలో ఉన్న డిస్కులన్నీ ఖాళీవే అవుతాయి. పంపకాలు కాని ఉమ్మడి పొలంలో గట్టు కనబడలేదని ఒక చెక్కను బీడుగా లెక్కగట్టి అమ్మేసే పెద్దమనిషికి కూడా ఇంత ధైర్యం ఉండదు.

కాస్త జాగ్రత్తపరులైన వారు పార్టిషన్లను చూపే ఎఫ్‌డిస్క్‌ను కూడా అడుగుతారు. పార్టిషన్లు చేయకుండా డిస్కు మొత్తాన్నీ ఫిజికల్ వాల్యూమ్‌గా ఇచ్చే పద్ధతి సర్వర్లలో మామూలే కాబట్టి, అటువంటి డిస్కులో ఎఫ్‌డిస్క్ ఒక్క పార్టిషన్ కూడా చూపదు. ఇద్దరు సాక్షులు దొరికారు గనుక తీర్పు ఖాయమవుతుంది. వర్చువల్ మెషీన్లకు నేరుగా అప్పగించిన లాజికల్ వాల్యూమ్‌లు సర్వర్‌లో ఎక్కడా మౌంట్ కావన్న సంగతి ఈ విచారణలో ప్రస్తావనకే రాదు.

అసలు సాక్షి పీవీఎస్. ఆ మూడక్షరాల ఆదేశం ప్రతి ఫిజికల్ వాల్యూమ్ ఎదుట రెండు అంకెలు వేస్తుంది: మొత్తం ఎంత, మిగులు ఎంత. రెండూ సమానమైతే ఆ డిస్కులో ఒక్క ఎక్స్‌టెంట్ కూడా ఎవరికీ కేటాయించి లేదు. తేడా ఉంటే ఆ మేరకు ఎవరిదో సరుకు అక్కడ ఉంది. ఆ సరుకును గ్రూపులోని ఇతర డిస్కులకు తరలించేది పీవీమూవ్. అక్కడ చోటుంటే చాలు, ఫైల్ సిస్టం మౌంట్ అయి ఉండగానే అది పని కానిస్తుంది, మధ్యలో యంత్రం ఆగిపోయినా ఆగిన చోటు నుంచి మళ్లీ అందుకుంటుంది. తర్వాత వీజీరెడ్యూస్‌తో డిస్కును గ్రూపు నుంచి విడదీసి, పీవీరిమూవ్‌తో ముద్ర చెరిపి, సీరియల్ నంబరు సరిచూసి, కెర్నెల్‌కు చెప్పి బయటికి తీయాలి. రీబూట్‌తో ఎస్‌డీసీ కాస్తా ఎస్‌డీడీ కావచ్చు గాని సీరియల్ నంబరు మారదు. సెకనుకు 100 ఎంబీ వేగంతో 1 టీబీ తరలింపునకు దాదాపు మూడు గంటలు పడుతుంది. ఈ మతంలో అభ్యంతరమంతా ఆ మూడు గంటల మీదే.

అందుకే వీరు దొడ్డిదారి పడతారు. డిస్కు ఇంకా వాడుకలో ఉందని వీజీరెడ్యూస్ మొరాయిస్తుంది. ఇది ఫలానా గ్రూపుదని, ముందు వీజీరెడ్యూస్ వాడమని పీవీరిమూవ్ బతిమాలి, తప్పదనుకుంటే ఫోర్స్ అనే మాటను రెండుసార్లు రాయమంటుంది. సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇంత మర్యాదస్థుడైన కాపలాదారు అరుదు. ఆ రెండోసారి అడగడం ఆలోచించుకోవడానికి ఇచ్చిన వ్యవధి అని దాన్ని రాసినవారు అనుకుని ఉంటారు గాని, వీరికి అది ఆదేశాన్ని ఎలా పూర్తి చేయాలో చెప్పే సూచన. అప్పటికీ పని కాకపోతే డిస్కును చేత్తో లాగేసి, వీజీరెడ్యూస్‌కు రిమూవ్‌మిస్సింగ్, ఫోర్స్ రెండూ తగిలిస్తారు. ఆ జంట, పోయిన డిస్కు మీద ఒక్క ఎక్స్‌టెంట్ ఉన్న లాజికల్ వాల్యూమ్‌ను సైతం మొత్తంగా తొలగించేస్తుంది.

ఈ ఆఖరి మెట్టు దాకా పోకుండా లాగేసి ఊరుకున్న వారిదే అదృష్టం. మెమరీలోని కాష్ పుణ్యమా అని ఇటీవల చదివిన ఫైళ్లు కొంతసేపు తెరుచుకుంటూనే ఉంటాయి, ఏమీ కాలేదన్న నమ్మకం బలపడుతుంది, టికెట్టు మూతపడుతుంది. అసలు కథ తర్వాతి రీబూట్‌లో, సాధారణంగా మరొకరి షిఫ్టులో మొదలవుతుంది: ముక్క పోయిన వాల్యూమ్ లేవదు, బూట్‌లో మౌంట్ కావలసిన వాటి జాబితా అయిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దాని వరుస మాత్రం పదిలంగా ఉంటుంది, నోఫెయిల్ అని రాసి లేదు గనుక 90 సెకన్లు ఎదురుచూసి యంత్రం ఎమర్జెన్సీ మోడ్‌లో కూలబడుతుంది. నివేదికలో కారణం హార్డ్‌వేర్ లోపమని నమోదవుతుంది. కొత్త డిస్కు కోసం స్టోర్ రూముకు మనిషిని పంపితే, అలమరలో పై వరసలో ఉన్న డిస్కు తెచ్చి ఇస్తాడు, దాని మీద అంతకుముందే ఎవరో అతికించిన చీటీ ఉంటుంది: వాడకంలో లేదు.