పన్నెండు క్వింటాళ్ల ల్యాప్‌టాప్

గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే ఆటల కోసం తయారై, చదువు పేరు మీద అమ్ముడుపోయే యంత్రం. బరువు సుమారు రెండున్నర కిలోలు. అడాప్టరు బరువు వేరే. కీబోర్డు కింద రంగురంగుల దీపాలు వెలుగుతాయి. ఆ దీపాలకూ ఇంజనీరింగ్ సిలబస్‌కూ ఉన్న సంబంధాన్ని ఏ యూనివర్సిటీ ఇంతవరకు ప్రకటించలేదు.

పశ్చిమ కర్నూలులో దీని ధరను రూపాయల్లో చెప్పి లాభం లేదు. ఆదోని మార్కెట్ యార్డు చుట్టుపక్కల దేన్నయినా పత్తితోనే కొలుస్తారు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ లెక్కన లక్ష రూపాయల ల్యాప్‌టాప్ పన్నెండు క్వింటాళ్ల పైమాటే. పైగా ఆ ధర పూర్తిగా దక్కాలంటే పత్తిలో తేమ 8 శాతం దాటకూడదు. దాటితే కోత, 12 దాటితే సరుకు వెనక్కి. ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లకు ఇలాంటి పరీక్షలేవీ లేవు. పెట్టె తెరవకముందే పూర్తి ధర తీసుకుంటారు.

కొనుగోలుకు మొదటి మెట్టు కారణం చూపించడం. “నాయనా, కోడింగ్‌కు జీపీయూ కావల్ల” అని కొడుకు అంటాడు. “ఎన్ని కింటాలప్పా అది?” అని తండ్రి అడుగుతాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే పెదనాన్న కొడుకు ఫోన్లోనే తీర్పు చెబుతాడు: “తీసుకుంటే పెద్దదే తీసుకోండి చిన్నాయనా, నాలుగేండ్లు చూసుకునే పని లేదు.” డబ్బు ఇచ్చేది తాను కానప్పుడు మనిషికి దూరదృష్టి సహజంగానే పెరుగుతుంది.

ఇంతకీ మొదటి ఏడాది ఆ యంత్రానికి పడే పని సి ప్రోగ్రామింగ్. ఆ భాష 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో, మెమరీని కిలోబైట్లలో లెక్కపెట్టుకునే యంత్రాల మీద పుట్టింది. యాభై ఏళ్లు గడిచాక ఒకటి నుంచి పది వరకు అంకెలు ముద్రించడానికి పదహారు గిగాబైట్లు కావలసి వస్తున్నాయి. మెకానికల్, సివిల్ విద్యార్థులు త్రీడీ డ్రాయింగులు మొదలుపెట్టాక, ఏఐ బ్రాంచివాళ్లు సొంతంగా మోడళ్లకు శిక్షణ ఇవ్వబోయినప్పుడు జీపీయూకు, అంటే గ్రాఫిక్స్ కార్డుకు, నిజంగానే పని పడుతుంది. అదీ తర్వాతి ఏళ్ల మాట. అప్పుడు కూడా చిన్న ప్రాజెక్టులైతే గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా, పరిమితంగానైనా జీపీయూ దొరుకుతుంది. ఈ సంగతి ఇంట్లో పొరపాటున కూడా బయటపడదు.

ఇక ఎంపిక. ఇక్కడ అందరూ కార్డు పేరు చూసి మోసపోతారు. ఆర్‌టీఎక్స్ 4060 అని స్టిక్కరు ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకటి కానక్కర్లేదు. కార్డుకు ఎంత కరెంటు ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ నిర్ణయించుకుంటుంది. 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వవచ్చు. సన్నగా ముద్దొచ్చే మోడల్లో పెద్ద కార్డు, లావుపాటి మోడల్లోని చిన్న కార్డు ముందు తేలిపోయే సందర్భాలూ ఉంటాయి. ఆ వాట్ల అంకె స్టిక్కరు మీద ఉండదు, వివరాల పట్టికలో అడుగున ఎక్కడో ఉంటుంది. పింజ పొడవు వేళ్లతో లాగి చూడనిదే పత్తికి ధర కట్టని ఊరివాళ్లు ఆ అంకె అడగకుండానే సంచీ భుజాన వేసుకుని వస్తారు. తెర రంగులు, ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు కూడా అడగవలసినవే. అడిగేది మాత్రం మౌస్ ఉచితమా అని.

వేడిది పెద్ద కథ. చాలా కంపెనీల మాన్యువళ్లలో యంత్రం 35 డిగ్రీల దాకా ఉన్న గదిలో పనిచేస్తుందని రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆదోనిలో ఎండ 40 దాటుతుంది. అంటే కంపెనీ దృష్టిలో అప్పుడు అక్కడ ల్యాప్‌టాప్ వాడటమే తప్పు. వేడెక్కిన చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పన్నెండు క్వింటాళ్లు పోసి కొన్న వేగంలో సగం ఎండాకాలం సెలవు పెడుతుంది. జిన్నింగ్ మిల్లుల పక్క వీధుల్లో దూది నూగు కిటికీ ఊచలకు పట్టినట్టే ఫ్యాను రెక్కలకూ పడుతుంది. దాన్ని దులపకపోతే ఫ్యాను హోరు పెరుగుతుంది, గాలి పెరగదు. హాస్టల్లో మరో ముచ్చట. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల కోసం సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు నుంచి అమ్మ పంపిన మెత్తటి దుప్పటి మీద ల్యాప్‌టాప్ పెడతారు. అడుగునున్న గాలి రంధ్రాలు నిక్షేపంగా మూసుకుపోతాయి. నేత గొప్పదే. తప్పు దుప్పటిది కాదు.

బ్యాటరీ మీద ఆట సాగదు. ప్లగ్గు తీయగానే కార్డు బలం తగ్గుతుంది, గంటా రెండు గంటల్లో చార్జూ అయిపోతుంది. కనుక ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా కర్నూలు పోయే బస్సులో అడాప్టరు కూడా విధిగా ప్రయాణం చేస్తుంది.

డబ్బు దగ్గర ఒక చిక్కుంది. అడ్మిషన్లు వానాకాలంలో ముగుస్తాయి, పత్తి యార్డుకు పెద్దయెత్తున వచ్చేది దసరా తర్వాత. ఈ మధ్యకాలాన్ని పూడ్చేది నో కాస్ట్ ఈఎంఐ. పేరులో ఖర్చు లేదు. ప్రాసెసింగ్ ఫీజు, చాలాచోట్ల వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం ఉంటాయి. కమీషన్ ఏజెంటు దగ్గర తెచ్చే చేబదులుకు కనీసం ఇంగ్లీషు పేరు లేదు.

నాలుగో ఏడాది చివర ఉద్యోగం వస్తే కంపెనీ తన ల్యాప్‌టాప్ తానే ఇస్తుంది: సన్నటిది, తేలికైనది, గేమింగ్ కార్డు లేనిది. పాతది ఇంట్లో తమ్ముడి చేతికి వస్తుంది. తమ్ముడు బైపీసీ. నీట్‌కు జీపీయూ ఎందుకు కావల్లో అతను నాయనకు ఇప్పటికే వివరించడం మొదలుపెట్టాడు.