సిస్టరుగారి హ్యాండోవర్

ఢిల్లీ మునిర్కాలో గల్లీకొక సిస్టరుగారు ఉంటారు. ఇంటి నంబరు చెబితే ఎవరికీ తెలియదు గానీ "సిస్టర్‌వాలీ బిల్డింగ్" అంటే కూరగాయల బండివాడు కూడా వేలుపెట్టి చూపిస్తాడు. 2016లో కేంద్ర ప్రభుత్వం స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. ఆ ఉత్తర్వు ఈ గల్లీలోకి ఇంకా దిగలేదు. పైన వేలాడే కరెంటు తీగల్లో చిక్కుకుని ఉంటుంది.

మన సిస్టరుగారిది నరసాపురం దగ్గర పల్లె. డ్యూటీ రింగురోడ్డు మీది పెద్దాసుపత్రిలో. మునిర్కాలో మెట్రో ఎక్కితే మూడో స్టేషను హౌజ్ ఖాస్, అక్కడ లైను మారితే ఇంకో రెండు. ఆ అయిదు స్టేషన్ల మేరా ఆవిడ లేసు అల్లుతారు. స్టేషన్లో తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ అమ్మాయి మొదట్లో క్రోషియా సూదిని అటూ ఇటూ తిప్పి అనుమానంగా చూసేది. ఇప్పుడు సూది జోలికి పోదు, అల్లిక ఎందాకా వచ్చిందో చూసి పంపిస్తుంది. పాప ఎల్‌కేజీలో ఉండగా మొదలైన టీపాయి గుడ్డ అది. పాప మూడో క్లాసుకొచ్చింది, గుడ్డ దుప్పటి సైజుకొచ్చింది.

"ఉద్యోగం, ఇల్లు, మధ్యలో ఈ అల్లికలు... టైమెక్కడిదమ్మా నీకు?" అని అడగనివాళ్ళు లేరు. ఆవిడ జవాబు ఒకటే. "టైము దొరకదండీ. హ్యాండోవర్ ఇస్తే మిగులుతుంది."

ఆసుపత్రిలో ఒక షిఫ్టు కదలాలంటే రెండో షిఫ్టు రావాలి. మంచం మంచం దగ్గరా నిలబడి ఏ మందు పడింది, ఏది పడాలి, సెలైన్ ఎంత మిగిలింది, మూత్రం ఎంత వచ్చింది, అన్నీ అప్పజెప్పాలి. అప్పుడు గానీ బ్యాగు భుజానికెక్కదు. ఇల్లు కూడా 24 గంటల వార్డే గానీ రిలీవర్ పోస్టు ఎవరూ శాంక్షన్ చేయలేదు. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే గ్రహించి, సిస్టరుగారు ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని ఫ్రిజ్ మీద పెట్టారు. అందులో ఒక పేజీ:

"బెడ్ 1: అత్తయ్యగారు. బీపీ బిళ్ళ వేసుకున్నారు. ఆవకాయ అడిగారు, ఇవ్వలేదు. మళ్ళీ అడుగుతారు.
బెడ్ 2: పాప. పాలు 200 ఎం.ఎల్. ఇచ్చాం. 150 తాగింది, 50 సింకులో పోసింది. హోంవర్కు పెండింగ్.
స్టవ్: కుక్కర్ రెండు కూతలు అయ్యాయి. నాలుగోది రానివ్వద్దు."

కింద భర్తగారి సంతకం. ఆయన ఒకప్పుడు కలెక్టరవుదామని వచ్చి బేర్ సరాయ్ కోచింగులో చేరినవాడు. అటెంప్టులు అయిపోయాయి. ఇప్పుడు అక్కడే పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. బయట అందరికీ మార్కులు వేసే మనిషి ఇంటికొచ్చి మార్కులు పోగొట్టుకుంటాడు.

"ఏవండీ, టైము వెయ్యలేదు."

"సంతకం పెట్టాను కదే!"

"టైము లేని సంతకం చెల్లదండీ."

చేతులు కడుక్కోవడంలోనూ అంతే. సబ్బూ నీళ్ళతో అయితే 40 నుంచి 60 సెకన్లు పట్టాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇంటికొచ్చిన చుట్టాన్ని సింకు దగ్గర నిలబెట్టి గోడ గడియారం చూపించి గానీ పెసరట్టు వడ్డించరు. పెసరట్టుకి ఎవరూ ఏమీ అనరు గానీ ఎండుచేపలు వేయించిన రోజున ఇంటి ఓనరు కిటికీ మూసుకుంటాడు, ఎదురింటి మణిపూరీ పిల్లలు కిటికీ తెరుచుకుంటారు.

నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న పగటిని చుట్టాలు సెలవు అంటారు. "ఇవాళ ఇంట్లోనే ఉన్నావుగా అమ్మా" అంటూ ఫోను. గోదావరి జిల్లాల నుంచి ఎయిమ్స్ ఓపీకి బయల్దేరిన రిపోర్టులన్నీ ముందుగా ఆవిడ దిండు పక్కకి చేరతాయి. ఆవిడ కళ్ళు మూసుకునే క్రియాటినిన్ ఎంతో అడుగుతారు.

పై అంతస్తులో జేఎన్‌యూలో పరిశోధన చేసే తెలుగమ్మాయి ఉంది. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు స్వీటు పట్టుకొచ్చి, "అక్కా, మీ లేసు మీద మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లోనే పుస్తకం వేసింది" అంది.

"డిజైన్లున్నాయా అందులో?"

"డిజైన్లు కాదక్కా. గంటల తరబడి అల్లినా దాన్ని పనికింద లెక్కెయ్యలేదట. ఇంట్లో కూచున్న ఆడవాళ్ళు తీరిక వేళ చేసుకునేదేగా అని కూలి తగ్గించారట."

"ఆ మాట మా అమ్మమ్మనడిగినా చెప్పేదే" అన్నారు సిస్టరుగారు సూది ఆపకుండా. "అమ్మమ్మ షావుకారు కోసం అల్లింది, నేను నాకోసం అల్లుతున్నా. ఆవిడకిది డ్యూటీ, నాకు ఆఫ్."

ఆ మాట పక్క మంచం మీది అత్తగారి చెవినపడింది. ఆవిడా చిన్నప్పుడు షావుకారుకి లేసు అల్లినావిడే. మర్నాడు సిస్టరుగారు నైట్ ముగించుకొచ్చేసరికి ఫ్రిజ్ మీది రిజిస్టర్లో కొత్త దస్తూరీ కనిపించింది.

"బెడ్ 3: లేసు. నిద్ర పట్టక మూడు వరసలు అల్లాను. రాత్రి 2:10." కింద సంతకం. టైము కూడా వేశారు, కొడుకు కంటే నయం.

సిస్టరుగారు గుడ్డని కిటికీ వెలుగులో పట్టి చూశారు. ఒక్క ముడి కూడా తప్పలేదు. నిజం చెప్పాలంటే తన వరసల కంటే బిగువుగా, తీరుగా ఉన్నాయి. మంచం అంచున కూచుని మూడు వరసలూ విప్పేశారు.

"దీనికి రిలీవర్ అక్కర్లేదు అత్తయ్యగారూ."

"అలాగేనమ్మా" అన్నారు అత్తగారు, ఆవకాయ జాడీ వైపు చూస్తూ.

ఆ పూట బెడ్ 1కి అన్నంలో ఏం వేశారో రిజిస్టర్లో రాయలేదు.