మూడోది ఎప్పుడేటి?: సటీక తాత్పర్యం

అవతారిక: 2022 ఆగస్టు 13, శనివారం. ‘కార్తికేయ 2’ విడుదలైన రోజు. శ్రీకాకుళంలో ఒకానొక హాల్లో మార్నింగ్ షో వదిలారు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి తెల్లారగట్ల షేర్ ఆటో ఎక్కి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు బయటికొచ్చాడు. మ్యాట్నీకి టికెట్టు పట్టుకుని సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డ స్నేహితుడు “ఎలాగుందిరా?” అన్నాడు. దానికి ఈ వక్త చెప్పిన సమాధానమే ప్రకృత గ్రంథం. వక్త పేరు గ్రంథస్థం కాలేదు. మహాకవుల విషయంలో ఇది మామూలే.

మూలం:

“ఓర్నాయనో, ఏటి తీసినాడ్రా! ఎనిమిదేళ్లు కూకోబెట్టీసినాడు గానీ నాయం సేసినాడు. అయితే మరి ఆ ద్వారకని అంత ఇదిగా సూపించడం ఏటి? మా నాన్న యేటా ఎల్తాడు. సర్లే, మూడోది ఎప్పుడేటి?”

పాఠ నిర్ణయం: ‘నాయం సేసినాడు’ అన్నదాన్ని ‘న్యాయం చేశాడు’ అని దిద్దాలని ఒక పంతులుగారు పట్టుబట్టారు. కుదరదు. పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. నోటిమాట కోసం ఆయన జీవితమంతా పోట్లాడింది మనం సైకిల్ స్టాండు దగ్గర ఎర్రసిరా పట్టుకుని నిలబడడానికి కాదు. పైగా ‘కూకోబెట్టీసినాడు’లో ఆ ‘ఈసి’ని తీసి ‘కూర్చోబెట్టాడు’ అంటే నిరీక్షణ సగానికి సగం తగ్గిపోతుంది.

ప్రతిపదార్థం: ఓర్నాయనో = ఆశ్చర్యార్థకం, పిలుపు కాదు. (పిలిచినా పలకడానికి నాన్న ఊళ్లో లేడు. అది ముందు తేలుతుంది.) ఏటి = ఎంత గొప్పగా. తీసినాడ్రా = దర్శకుడు చందూ మొండేటి తీశాడురా. హీరో నిఖిల్ ఉండగా ముందు దర్శకుణ్ని తలవడమేమిటంటే, ఇతడు కటౌట్‌కి పాలు పోసే శాఖవాడు కాదు. ‘తర్వాతేమైంది’ శాఖవాడు. ఎనిమిదేళ్లు = మొదటి ‘కార్తికేయ’ వచ్చిన 2014 అక్టోబరు 24 మొదలు ఆనాటి దాకా. లెక్కగడితే ఏడేళ్ల తొమ్మిది నెలల ఇరవై రోజులే. తక్కినది అతిశయోక్తి అలంకారం. నాయం = టికెట్టుకీ ఆటోకీ పెట్టినదాని మీద మనసులో బాకీ మిగలకపోవడం. అంత ఇదిగా = ఈ ‘ఇది’ని వివరించడం వ్యాఖ్యాతల తరం కాదు.

శంక: ఒక సినిమా కోసం ఇన్నేళ్లు కూర్చోవడం యుక్తమేనా?

సమాధానం: మొదటి భాగంలో మూతపడ్డ సుబ్రహ్మణ్యపురం గుడి, దాని జోలికెళ్లినవాణ్ని కరిచే పాము, ‘దీనికో కారణం ఉండి తీరాలి’ అని తిరిగే మెడికల్ స్టూడెంటు ఉన్నారు. అది హైస్కూల్లో చూసినవాడికి ఏ మూతపడ్డ తలుపు చూసినా అనుమానమే. వాణ్నలా వదిలేసి పోవడం ధర్మం కాదు. పోనీ 2020 మార్చిలో తిరుపతిలో పూజ చేసి మొదలుపెడితే అదే నెలలో లాక్‌డౌన్ వచ్చిపడింది. ఆఖర్న జులై 22 అన్నారు, ఆగస్టు 12 అన్నారు, 13కి తేల్చారు.

ఆ తేదీ విజయనగరం వాళ్లకి కొత్తది కాదు. 1892 ఆగస్టు 13నే అక్కడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడారు. సరిగ్గా 130 ఏళ్లు. ఇది కాకతాళీయ న్యాయం. దీన్ని పట్టుకుని సిద్ధాంతం కట్టేవాళ్లు వాట్సాప్‌లో వేరే ఉన్నారు, వారి పొట్ట కొట్టను. కానీ గురజాడవారు 1897లో అచ్చువేసిన నాటకాన్ని తిరగరాసి రెండో కూర్పు తెచ్చింది 1909లో. పన్నెండేళ్లు! రెండోదే జనం గుండెల్లో నిలిచింది. కాబట్టి చందూ మొండేటి ఆలస్యం చేశాడని ఉత్తరాంధ్రలో ఎవరైనా అంటే ఆ మాట చెల్లదు.

ఇక మూలానికి గుండెకాయ లాంటి వాక్యం: ‘మా నాన్న యేటా ఎల్తాడు.’

సినిమాలో డాక్టరైన కార్తికేయ తల్లి మొక్కు కోసం ద్వారక వెళ్తాడు. అక్కణ్నుంచి కృష్ణుడి కాలి కడియం వేటలో పడతాడు. హాల్లో జనం ఆ పట్నం కనబడగానే దండం పెట్టారు. మన వక్త మాత్రం తెర మూలల్లో బోట్లు వెతికాడు. కారణం చెప్తాను. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోట్లు కట్టుకునే హార్బరు మాత్రం లేదు. అందుకని మన మత్స్యకారులు ఏటా ఆమదాలవలసలో రైలెక్కి దేశానికి అడ్డంగా ప్రయాణించి గుజరాత్‌లో వెరావల్ చేరతారు. సేటు దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని అతని బోట్లలో వేట చేస్తారు. వానాకాలపు నిషేధం అయ్యాక ఆగస్టులో అక్కడ సీజను మొదలు. అంటే ఈ సినిమా హాల్లోకొచ్చిన రోజులూ, నాన్న సంచి సర్దుకుని రైలెక్కే రోజులూ ఒకటే. ఆ సంచిలో రెండు లుంగీలు, ఒక దుప్పటి, వాటి మధ్య గుడ్డలో చుట్టిన చింతపండు ఉండ, ఎండుమిరపకాయలు ఉంటాయి. గుజరాతీ కూరలో తీపి తగుల్తుందని ఇంటావిడ ముందుచూపు.

పూర్వపక్షం: వెరావల్ వేరు, ద్వారక వేరు. రెంటికీ నడుమ పోర్‌బందర్ ఉంది. కనుక ‘మా నాన్న యేటా ఎల్తాడు’ అనడం భౌగోళిక దోషం.

సిద్ధాంతం: దోషం కాదు, గుణం. సినిమా కథకి మూలమేమిటి? అవతారం చాలించేముందు కృష్ణుడు ఉద్ధవుడికిచ్చిన కడియం. మరి కృష్ణుడు అవతారం చాలించిందెక్కడ? బోయవాడి బాణం ఆయన పాదానికి తగిలిందని భక్తులు చెప్పుకునే భాల్కా తీర్థం ఎక్కడో కాదు, వెరావల్‌లోనే ఉంది. ఏ కాలి కడియం కోసం హీరో గోవర్ధనగిరీ, బుందేల్‌ఖండూ, హిమాలయాలూ తిరిగాడో, ఆ కాలి కథ ముగిసిన ఊళ్లో వీళ్ల నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. వక్త ఇంత ఆలోచించి అన్నాడా అంటే, కాళిదాసు మాత్రం మల్లినాథుడు చెప్పినవన్నీ ఆలోచించి రాశాడా?

అలంకారం: కథానాయకుడి సాహసయాత్ర ఉపమేయం, నాన్న రైలు ప్రయాణం ఉపమానం. ఉపమానమే బరువైనది కావడం ఇక్కడ చమత్కారం. 2018 నవంబరులో మన జిల్లాలోని కె. మత్స్యలేశం వైపు మత్స్యకారులు ఆ గుజరాత్ సముద్రంలోనే హద్దు దాటారని పాకిస్తాన్‌వాళ్లకి చిక్కారు. ఎక్కువమంది వాఘా దాటి ఇల్లు చేరింది 2020 జనవరిలో. సినిమాలో కార్తికేయ వెంట ఆభీరులనే తెగవాళ్లు పడతారు. అతడు దొరకడని మనకి తెలుసు కాబట్టి పాప్‌కార్న్ తింటూ చూశాం.

తాత్పర్యం: ఓ మిత్రమా, చిత్రం నిరీక్షణకు తగినట్టే ఉన్నది. కాని నా ఇంట్లో బతుకుతెరువైనది తెరమీద అద్భుతమైనది. ఇందుకు గర్వపడవలెనో, నొచ్చుకొనవలెనో తోచకున్నది. తోచువరకు మూడవ భాగపు తేదీ కనుగొనెదను గాక.

విశేషం: ఈ సినిమా హిందీలో కొద్దిపాటి ఆటలతో మొదలై, జనం వచ్చేకొద్దీ ఆటలు పెంచుకుంది. 2024లో ప్రకటించిన 70వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రమైంది. వక్త ఆనాడే తేల్చేసిన సంగతి జ్యూరీకి రెండేళ్లు పట్టింది.

ఉత్తర పాఠం: చందూ మొండేటి మూడోదానికన్నా ముందు 2025 ఫిబ్రవరి 7న ‘తండేల్’ తెచ్చాడు. పాకిస్తాన్ జైలుకెళ్లొచ్చిన ఆ శ్రీకాకుళం మత్స్యకారుల కథే. స్నేహితుడు “మీవోళ్ల కతే తీసీసినాడు కదరా, ఇంకేటి నీకు?” అన్నాడు. వక్త: “అది మా నాన్న కత. నాకు కడియం కత కావాల.” ఈ వాక్యానికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు. కుర్రాడు సినిమాకి వెళ్లేది ఇంట్లో లేనిది చూడ్డానికి.

నాన్న వ్యాఖ్య కూడా ఒకటి దొరికింది. అది ప్రామాణికం కనుక చేరుస్తున్నాను. నిషేధం రోజుల్లో ఇంటికొచ్చినప్పుడు కొడుకు ఫోన్లో ‘కార్తికేయ 2’ చూపించాడు. ఆయన కడదాకా చూసి, “అంత దూరం ఎల్లి సేప పట్టకుండా కడియం ఎతుకుతాడేటిరా?” అన్నాడు. మూడోది కూడా ఉందని కొడుకు చెప్తే కాసేపాగి, “ఈసారి ఏ సముద్రానికెల్తాడో కనుక్కో. అక్కడ జీతం బాగుంటే మేవూ ఎల్తాం.”