చింపడానికి నోటు లేని అప్పు

నేను ట్రంకు పెట్టెను. అమ్మ కాపురానికి వచ్చేటప్పుడు గూడూరులో కొని, చీరలు సర్ది పంపారు. రెండేళ్లు తిరక్కుండానే చీరలు దండెం మీదికి పోయాయి, నాలోకి కాగితాలొచ్చాయి. చిల్లకూరు మండలంలో ఉప్పుటేటి పక్క ఊరు మాది. ఉప్పుగాలికి నా గొళ్లెం తుప్పు పట్టింది గానీ, లోపలి కాగితాలకు చెమ్మ తగలనివ్వలేదు.

1994లో కండలేరు పాయ వెంట ఎటు చూసినా రొయ్యల గుంటలే. అమ్మ పెనిమిటి, ఈ ఇంటాయనా టైగర్ రొయ్య వేశాడు. మేత కోసం ఒక వ్యాపారికి 40 వేలకు ప్రోనోటు రాశాడు, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. తెల్లమచ్చ వైరస్ తగిలి రొయ్యలు గట్టువారకు చేరి చచ్చాయి. ఆ రాత్రి ఆయన నా మూత మీద కూర్చుని తెల్లవార్లూ లేవలేదు.

ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అందుకే మూడో ఏడు నిండకముందే వ్యాపారి వచ్చేవాడు. "ఒక్క 500 కట్టు, చాలు" అనేవాడు. కట్టింది నోటు వెనక చెల్లు వేయించి సంతకం తీసుకునేవాడు. చెల్లు పడిన నాటి నుంచి మళ్లీ మూడేళ్లు. అలా తొమ్మిదేళ్లు బతికిందా నోటు. వడ్డీయే 86,400 అయింది. 2003లో రెండెకరాలు అమ్మి కట్టారు. వ్యాపారి సంతకం దగ్గర చింపి నోటు చేతికిచ్చాడు. ఆ చినిగిన నోటు ఇప్పటికీ నా అడుగునే ఉంది. అప్పు తీరడమంటే అదేనని ఈ ఇంట్లో అందరం నమ్మాం.

2015లో వనామి రొయ్యకు బ్యాంకు అప్పు, 4 లక్షలు. మళ్లీ పంట పోయింది. రికవరీ మనుషులు రాత్రి పదింటికీ ఫోన్ చేసేవాళ్లు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో గట్టిగా చెప్పింది. మా ఇంట్లో మోగినవన్నీ అంతకు ముందువి. ఫోన్ మోగితే అమ్మ దాన్ని చీరల మధ్య దాచేది.

2019లో గూడూరు లోక్ అదాలత్‌లో 2 లక్షల 40 వేలకు రాజీ కుదిరింది. ఆయన ఆ కాగితం తెచ్చి చినిగిన నోటు పక్కనే పెట్టాడు. "ఇంకేం లేదు" అన్నాడు.

ఉంది. 2023లో అమ్మాయి చదువు అప్పుకు ఆయన తోడు సంతకం పెడితే బ్యాంకువాళ్లు కాదన్నారు. అమ్మాయి ఆయన అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ రిపోర్టు తీయించి, నా పక్కన చాప మీద కూర్చుని చదివింది. 300 నుంచి 900 దాకా ఉండే ఆ లెక్కలో ఆయనది అడుగునే ఉంది. అప్పుకు ఎదురుగా "సెటిల్డ్" అని ఉంది.

"తీరిపోయిందనే గదమ్మా దానర్థం?" అన్నాడాయన.

"కాదు నాయనా. తగ్గించి కట్టారని. పూర్తిగా కడితేనే క్లోజ్డ్ అంటారు."

ఆయన మొహం చూడలేకపోయాను. మోసం చేసినవాడు కాదాయన. రాజీ అన్నది బ్యాంకూ ఒప్పుకున్న మాటే. ఆ ఒక్క మాట ఏళ్ల తరబడి వెంట వస్తుందని సంతకం పెట్టించేటప్పుడు ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది. రైతుకు అది తెలుసుకునే హక్కుంది. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇస్తారన్న సంగతీ మాకు అప్పుడే తెలిసింది.

ఈసారి అమ్మాయి తొందరపడలేదు. మిగతాది కడితే "క్లోజ్డ్" అని మారుస్తామని ముందు బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకుంది. తర్వాతే అమ్మ గొలుసు కుదువపెట్టి 1 లక్షా 60 వేలు కట్టారు. బాకీ లేదన్న ఉత్తరం వచ్చింది. రికార్డు మాత్రం మారలేదు. తప్పు దిద్దమని అడిగాక 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారమివ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. అమ్మాయి దాన్ని రాసి ఫిర్యాదు పెట్టాక మారింది. పాత వాయిదాలు తప్పిన గుర్తులు ఇంకా ఉన్నాయి. అమ్మాయి ఒక ఏడాది ఆలస్యంగా చదువులో చేరింది.

మొన్న సెలవులకొచ్చి కొత్త రిపోర్టు మడతపెట్టి నాలో ఉంచింది. అమ్మ నాలుగు కలరా ఉండలు వేసి, గొళ్లేనికి కొబ్బరినూనె రాసి, మూత వేసింది.